జిప్పు కూడా గీయండి

1953లో అమెరికాలో "రోబోట్ మాన్‌స్టర్" అని ఒక సినిమా వచ్చింది. మానవజాతిని తుడిచిపెట్టడానికి దిగిన గ్రహాంతరవాసి అందులో విలన్, పేరు రో-మ్యాన్. ఒంటికి గొరిల్లా వేషం, తలకి సముద్రంలో దిగేవాళ్లు పెట్టుకునే తరహా హెల్మెట్, దానిమీద యాంటెన్నాలు. అంతే, వేషం అయిపోయింది. ఆ గొరిల్లా సూట్ జార్జ్ బారోస్ అనే నటుడి సొంతం. సూట్‌తో పాటు ఆయనే వచ్చి వేశాడు. షూటింగ్ నాలుగు రోజుల్లో ముగించారు. చూస్తే నవ్వు ఆగదు. కానీ పెన్సిల్ పట్టుకున్నవాళ్లకి ఇంతకన్నా మంచి మోడల్ దొరకడం కష్టం.

మొత్తం ఆకారం వెంట్రుకల పీపా మీద బిందె బోర్లించినట్టు ఉంటుంది. మొహమే లేదు. కొత్తగా గీసేవాళ్ల కష్టాల్లో సగం కళ్లు, ముక్కు, పోలిక దగ్గరే కదా, అవన్నీ ఇక్కడ తప్పిపోతాయి. మిగిలేది రెండు ఆకారాలు, రెండు రకాల ఉపరితలాలు: ఒకటి నున్నగా, ఒకటి బొచ్చుగా.

గీస్తున్నప్పుడు చెయ్యి ఊరుకోదు. సూట్ వదులుగా వేలాడుతోందా, బిగించేద్దాం అనిపిస్తుంది. హెల్మెట్ చవకగా ఉందా, నాలుగు లైట్లు పెడదాం అనిపిస్తుంది. అక్కడే బొమ్మ చెడిపోతుంది. బాగుచేసిన రో-మ్యాన్ ఏ వీడియో గేమ్‌లోనైనా కనిపించే మామూలు రాక్షసుడు. వాడు రో-మ్యాన్ అని తెలిసేది మోకాళ్ల వెనక మడతల వల్ల, చంకల్లో గుడ్డ జారడం వల్ల, మెడ దగ్గర హెల్మెట్ వేరే వస్తువని తెలిసిపోవడం వల్ల. చచ్చు సినిమా విలన్‌ని గీసేటప్పుడు మనం గీసేది రాక్షసుణ్ణి కాదు, రాక్షసుడి వేషంలో ఉన్న మనిషిని. వీపు మీద జిప్పు కనిపిస్తే జిప్పు కూడా గీయాలి.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు మూడు (బి ముందు అంకె పెరిగేకొద్దీ గీత మెత్తగా, నల్లగా పడుతుంది). పిండిలా పిసకడానికి వీలయ్యే మెత్తటి ఎరేజర్ ఒకటి. 0.1, 0.5 సైజుల్లో వాటర్‌ప్రూఫ్ పెన్నులు రెండు. ఒక బ్రష్ పెన్, తెల్ల జెల్ పెన్ లేదా చిన్న సీసా తెల్ల పోస్టర్ కలర్. డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. హారర్ బొమ్మల్లో నలుపు ఎక్కువ, మామూలు జిరాక్స్ కాగితం (75 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) అంత ఇంకు మొయ్యలేదు. వెనక పేజీకి దిగుతుంది, తడికి ఉబ్బి అలలు తేలుతుంది. పెన్సిల్ చిత్తుబొమ్మలకి జిరాక్స్ కాగితం చాలు. పెన్ను పనికి 150, నీళ్లు కలిపిన ఇంకుతో వాష్ వేస్తే 200 జీఎస్‌ఎం పైన ఉండాలి.

చూసి గీయడానికి సినిమాని పాజ్ చేసి మూడు ఫ్రేములు తీసుకోండి: నిలువెత్తు ఒకటి, మొహం ముప్పావు వంతు పక్కకి తిరిగింది ఒకటి, చేతులు కనిపించేది ఒకటి. పోస్టర్ చూసి గీయొద్దు. ఆ కాలపు చవక సినిమాల్లో పోస్టర్ మీది భూతం వేరు, తెర మీద భూతం వేరు. ప్రింట్ చీకటిగా ఉంటే ఫోన్లో బ్రైట్‌నెస్ పెంచి వివరాలు చూసుకోవచ్చు, కానీ షేడింగ్ మాత్రం అసలు ఫ్రేము ప్రకారమే వెయ్యాలి. బ్రైట్‌నెస్ పెంచిన ఫోటోలో నీడలన్నీ బూడిదరంగులోకి తేలిపోతాయి. దాన్ని నమ్ముకుంటే బొమ్మ మొత్తం ఒకే బూడిదముద్ద అవుతుంది.

ఇక పని. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో రెండు నిమిషాలు, అంతకుమించి వద్దు. లోపలి గీతలేమీ లేకుండా బయటి ఆకారాన్ని మాత్రం 6బితో నల్లగా నింపండి. ఎనిమిదీ అయ్యాక కాగితాన్ని గోడకి అంటించి గది అవతలి నుంచి చూడండి. ఏ గడిలో వాడు వాడిలా కనిపిస్తే అదే పెద్ద బొమ్మకి పనికొచ్చే భంగిమ. రో-మ్యాన్ అయితే చేతులు ఒంటికి ఆనించి నిలబడ్డ భంగిమలు అన్నీ ఓడిపోతాయి, బొచ్చులో బొచ్చు కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. చంక కింద నుంచి వెలుతురు కనిపించేలా ఒక చెయ్యి పైకి లేచిన భంగిమ గెలుస్తుంది.

కొలత దగ్గర ఒక చిక్కుంది. మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు అని నేర్చుకుంటాం. హెల్మెట్‌ని తలగా లెక్కపెట్టి అదే కొలత పెడితే వాడు తాటిచెట్టంత అవుతాడు. హెల్మెట్ తలకన్నా బాగా పెద్దది కాబట్టి దానితో కొలిస్తే ఐదారు మాత్రమే వస్తాయి. ముందు హెచ్‌బితో లోపలి మనిషిని పుల్లబొమ్మలా గీసుకోండి: భుజాలు, తుంటి, మోకాళ్లు. దానిమీద సూట్ తొడగండి. మోచేతి లోపలివైపు, మోకాలి వెనక, తొడల మధ్య గుడ్డ నలుగుతుంది. భుజం పైన, తుంటి పక్కన బిగుస్తుంది. బిగిసినచోట అవుట్‌లైన్ సాఫీగా ఒకే గీతలో పోవాలి, నలిగినచోట రెండు మూడు ముక్కలుగా విరగాలి.

బొచ్చు గీయడంలో అందరూ చేసే తప్పు ఒంటినిండా గీతలు పెట్టడం. అన్నీ ఒకే పొడవు, ఒకే ఎడం. అయ్యాక చూస్తే గొరిల్లా కాదు, చీపురుకట్ట. బొచ్చు మూడు చోట్ల గీస్తే చాలు: ఒంటి అంచున, వెలుగు నీడగా మారే గీత వెంట, బొచ్చు వాలు మారే కీళ్ల దగ్గర. వెలుగు పడేచోట ఖాళీగా వదిలెయ్యాలి, కన్నే నింపుకుంటుంది. వెంట్రుకల్ని విడివిడిగా కాకుండా నాలుగైదు కలిసి కొసన ఒకటయ్యే కుచ్చులుగా గీయాలి. గీత మొదలు దగ్గర కాస్త ఒత్తి, కొసకి వచ్చేసరికి పెన్ను లేపెయ్యాలి. పెన్ను ఆపితే కొసన చుక్క పడుతుంది, అప్పుడు అది వెంట్రుక కాదు, గుండుసూది. కుచ్చుల్లో ఒకటి పొడవు, ఒకటి పొట్టి, ఒకటి అడ్డంగా ఉండనివ్వండి.

హెల్మెట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క వెంట్రుక గీత కూడా దానిమీద పడకూడదు. గుండ్రటి వస్తువు కాబట్టి ఒకవైపు మెరుపు చుక్క, మధ్యలో బూడిద, తర్వాత గట్టి నీడ. నీడ మాత్రం అంచుదాకా పోకూడదు. చివర సన్నటి తెల్లటి గీత మిగిలితేనే ఆ గుండ్రం వెనక్కి తిరుగుతుంది, నింపేస్తే అప్పడంలా చదునైపోతుంది. ముందున్న అద్దం నేరుగా చూస్తే వెడల్పుగా, పక్కకి తిరిగేకొద్దీ సన్నగా కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. యాంటెన్నాలని మణికట్టుతో గీయొద్దు. భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలించి ఒకే ఊపులో లాగాలి. వణికితే దానిమీదే రెండో గీత లాగకండి, అలాగే ఉండనివ్వండి. చవక యాంటెన్నా ఎలాగూ వణుకుతుంది.

చవక హారర్ అంటే మనకి ముందు గుర్తొచ్చేది హిందీలో దెయ్యం సినిమాలు తీసిన రామ్‌సే సోదరులు. 1984 నాటి "పురానా మందిర్"లో సామ్రి, 1990 నాటి "బంద్ దర్వాజా"లో నేవ్లా, రెండూ అనిరుధ్ అగర్వాల్ వేసిన పాత్రలే. ఒకే మనిషి, రెండు మేకప్‌లు. స్కెచ్ నేర్చుకునేవాళ్లకి ఇది బంగారంలాంటి అవకాశం. ఒకే పేజీలో ఇద్దర్నీ పక్కపక్కన గీయండి. రెండింట్లోనూ ఉన్నది ఎముక, ఒక్కదాంట్లోనే ఉన్నది మేకప్. కోల మొహం, ముందుకొచ్చిన నుదుటి గట్టు, లోతు కళ్లు, పొడవాటి దవడ రెండుచోట్లా దొరుకుతాయి. తల సగానికి కళ్లు ఉంటాయన్న పాఠాన్ని గుడ్డిగా పట్టుకోకండి. ఈ మొహానికి కళ్ల గీత సగం కన్నా వేలెడు పైకి జరిపితే దవడకి చోటు దొరుకుతుంది. జరపకపోతే సామ్రి కాస్తా కోపంగా ఉన్న పక్కింటి బాబాయిలా తేలతాడు.

"పురానా మందిర్" కథలో సామ్రి తల ఒకచోట, మొండెం ఒకచోట ఉంటాయి. విడి తలని గీసేటప్పుడు మెడకండరాల గీతలు అలవాటుగా వచ్చేస్తాయి, ఆపాలి. మెడ నుంచి భుజానికి జారే గీత ఉన్నంతసేపు చూసేవాడి కన్ను కింద ఒంటిని ఊహిస్తూనే ఉంటుంది. దవడ కొంచెం జారి, నోరు కాస్త తెరుచుకుని, తల ఒక పక్కకి ఒరిగితే అప్పుడది పెట్టెలో పెట్టిన తల.

మన "అరుంధతి" (2009)లో పశుపతిని గీసి చాలామంది నిరాశపడతారు. పోలిక వచ్చినా భయం రాదు. కారణం సోనూ సూద్ మొహంలో లేదు. ఆ భయంలో సగం వాటా పి. రవిశంకర్ డబ్బింగ్‌ది, కాగితానికి గొంతు లేదు. ఆ లోటు నోటితోనే పూడ్చాలి. మూసిన నోరు వద్దు. డైలాగ్ మధ్యలో పాజ్ చేసి, కింది పళ్లు కనిపిస్తూ మెడనరాలు లేచిన ఫ్రేము పట్టుకోండి. ముక్కు పక్కనుంచి నోటికొసకి దిగే మడత అప్పుడు లోతుగా పడుతుంది. ఆ ఒక్క మడతనే 6బితో ఒత్తి గీయాలి, మిగతా మొహం అంతా 2బితో తేలిగ్గా.

కింద నుంచి వచ్చే వెలుతురు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే హారర్ మొహాల్లో ఎక్కువగా చెడిపోయేది ఇదే. గడ్డం కింద దీపం పెడితే భయంగా ఉంటుందని అందరికీ తెలుసు, గీసేటప్పుడు మాత్రం చెయ్యి పైనుంచి పడే వెలుగుకే అలవాటుపడి ఉంటుంది. గడ్డం కింద తెల్లగా వదిలి, ముక్కు కింద మళ్లీ మామూలు నీడ పెట్టేస్తాం. రెండు దీపాలు కొట్టుకుని మొహం మురికిగా కనిపిస్తుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే, నేలవైపు చూసే ప్రతి ముక్కా వెలుగులో ఉంటుంది, ఆకాశంవైపు చూసే ప్రతి ముక్కా చీకట్లో ఉంటుంది. గడ్డం అడుగు, పై పెదవి, ముక్కు అడుగు, కనుబొమల గట్టు కింది భాగం తెల్లగా ఉండాలి. కింది పెదవి పైభాగం, బుగ్గ ఎముక పైన కంటి కింది భాగం, వెనక్కి వాలే నుదురు నల్లగా పోవాలి. ముక్కు నీడ పైకి పాకి కనుబొమల మధ్యకి చేరుతుంది. నమ్మకం కుదరకపోతే రాత్రి అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ గడ్డం కింద పెట్టుకుని చూడండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి చూడండి.

మంచి సినిమాల విలన్లని గీసేటప్పుడు తప్పులు ఇంకో రకంగా ఉంటాయి. అందరికీ తెలిసిన మొహాలు కావడంతో చూడకుండా గీసేస్తారు. 1922 నాటి "నోస్ఫెరాటు"లో రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్‌కి చాలామంది పక్కన కోరలు పెడతారు. ఓర్లాక్ పళ్లు ఎలకకి ఉన్నట్టు ముందు మధ్యలో ఉంటాయి. "ఫ్రైడే ది థర్టీన్త్"లో జేసన్ అనగానే హాకీ మాస్క్. నిజానికి 1980 నాటి మొదటి సినిమాలో హంతకుడు జేసన్ కాదు, వాళ్లమ్మ. రెండో సినిమాలో జేసన్ తలకి గుడ్డసంచి ఉంటుంది. మాస్క్ వచ్చింది 1982లో, మూడో సినిమాతో. సంచి జేసన్‌ని గీయడం తేలిక, ఎవరూ గీయరు కూడా. మాస్క్ గీస్తే చిల్లులన్నీ గుండ్రంగా పెట్టొద్దు. మాస్క్ కోడిగుడ్డులా వంగి ఉంటుంది కాబట్టి మధ్య చిల్లులే గుండ్రంగా ఉంటాయి, అంచుకి పోయేకొద్దీ నిలువుగా సన్నబడి దగ్గరదగ్గరగా వస్తాయి.

1978 నాటి "హాలోవీన్"లో హంతకుడు మైఖేల్ మయర్స్ మాస్క్ కథ ప్రసిద్ధమే: "స్టార్ ట్రెక్" కెప్టెన్ కర్క్ మాస్క్‌ని రెండు డాలర్ల లోపు కొని, తెల్లరంగు కొట్టి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. బొమ్మ గీసేవాళ్లకి ఈ కథతో పనుంది. అది రాక్షసి మొహంగా తయారైనది కాదు, మామూలు మనిషి మొహం. కాబట్టి కోపంగా ముడిపడ్డ కనుబొమలు పెట్టారంటే పోయింది. మూడే టోన్లు వాడండి: కాగితం తెలుపు, ఒక బూడిద, కంటి రంధ్రాలకీ వెనక చీకటికీ నిండు నలుపు. వెలుగు పడే బుగ్గవైపు అవుట్‌లైన్ గీయనే వద్దు, వెనక నలుపే ఆ అంచుని చూపిస్తుంది.

"ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్" సినిమాల విలన్ ఫ్రెడ్డీ క్రూగర్ చారల స్వెటర్ దగ్గర పెన్సిల్ గీతగాళ్లంతా బోల్తాపడతారు. ఎరుపు, ముదురు ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే కంటికి ఇబ్బంది అని పత్రికలో చదివి దర్శకుడు వెస్ క్రేవన్ ఆ రెండు రంగులు ఎంచుకున్నాడు. రంగుల్లో బాగానే ఉంది. నలుపు తెలుపులోకి దిగితే రెండూ ఇంచుమించు ఒకే బూడిద, చారలు మాయమైపోతాయి. ఉన్నది ఉన్నట్టు షేడ్ చేస్తే సాదా స్వెటర్ వస్తుంది. ఎర్ర చారకి అడ్డంగా, ఆకుపచ్చ చారకి ఏటవాలుగా గీతలు వేస్తే టోన్ దగ్గరగానే ఉన్నా చార విడిపోతుంది. చారలు చేతికి గాజుల్లా ఒంటి చుట్టూ తిరగాలి, స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు. గ్లవ్ కుడిచేతికి, 1984 నాటి మొదటి సినిమాలో బ్లేడ్లు నాలుగు వేళ్లకే, బొటనవేలికి లేదు. కాలిన చర్మాన్ని ముడతలుగా గీస్తే ముసలాయన అవుతాడు. పొర చిరిగి కింది పొర కనిపిస్తున్నట్టు, అంచులు కాస్త లేచినట్టు గీయాలి. ఆ మేకప్ ఆలోచన మేకప్ వేసిన డేవిడ్ మిల్లర్‌కి పిజ్జా చూసి వచ్చిందంటారు. గీసేటప్పుడు సాగిన చీజ్‌ని తలుచుకుంటే నిజంగానే పని తేలికవుతుంది.

"హెల్‌రైజర్" (1987) విలన్ పిన్‌హెడ్‌కి తలంతా గళ్లు, గళ్ల మూలల్లో దిగగొట్టిన మేకులు. ముందు గళ్లు. గళ్లు తిన్నగా గీస్తే మొహం పలక అయిపోతుంది. గ్లోబు మీద అక్షాంశాలు, రేఖాంశాల్లా వంపు తిరగాలి, చెవుల వైపు పోయేకొద్దీ ఇరుకవ్వాలి. తర్వాత మేకులు. మొహం మధ్యలో ఉన్న మేకు నేరుగా మనవైపు చూస్తుంది కాబట్టి దాని పొడవు కనిపించదు, చిన్న చుక్క, పక్కన చిన్న నీడ, అంతే. బుగ్గ పక్కకి వచ్చేకొద్దీ పొడవు పెరుగుతుంది, తల అంచున పూర్తిగా కనిపిస్తుంది. అన్ని మేకులూ ఒకే పొడవు పెడితే ముళ్లపంది. నీడలన్నీ ఒకేవైపు పడాలి. ముందుగా నీడల దిశకి మార్జిన్‌లో ఒక బాణం గుర్తు గీసి పెట్టుకుంటే చివరి వరసకి వచ్చేసరికి మర్చిపోరు.

ఇంకు దగ్గర జరిగే ప్రమాదాలు చాలావరకు తొందరవల్లే. 6బి మందంగా రుద్దినచోట ఇంకు పట్టదు, జారి చుక్కలు కడుతుంది. అందుకే ఇంకు వెయ్యబోయే బొమ్మకి హెచ్‌బి దాటొద్దు, ఇంకుకి ముందు మెత్తటి ఎరేజర్‌తో అద్ది గీతలు కనీకనిపించకుండా చెయ్యండి. ఇంకు వేశాక కనీసం పావుగంట ఆగి చెరపాలి, నిండు నలుపు ముద్దలుంటే ఇంకా ఎక్కువసేపు. తెల్ల జెల్ పెన్ పెన్సిల్ పొడి మీద నడిస్తే ముల్లు మూసుకుపోతుంది, అప్పుడు చిత్తుకాగితం మీద నాలుగు సున్నాలు చుడితే మళ్లీ వస్తుంది. కుడిచేతివాటం వాళ్లు ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ రావాలి, చేతి కింద ఒక కాగితం ముక్క ఉండాలి. వాష్‌కి మూడు గిన్నెలు చాలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల నీళ్లు, వరసగా ఒకటి, మూడు, ఎనిమిది చుక్కల ఇండియన్ ఇంకు. లేతది ముందు, ముదురుది చివర. తడి ఆరకముందే రెండోది వేస్తే అంచులు పువ్వుల్లా విచ్చుకుంటాయి. పొగమంచుకి అది బాగుంటుంది, మొహం మీద కాదు.

మళ్లీ చచ్చు సినిమాలకి వస్తే, మొహం గీయడం అస్సలు రాదనుకునేవాళ్లకి ఎడ్ వుడ్ తీసిన "ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్" ఉంది. అందులో ఉన్న నటుడు బేలా లుగోసీ 1956లో చనిపోవడంతో మిగతా సీన్లలో ఇంకొకాయన కేప్‌ని మొహానికి అడ్డం పెట్టుకుని తిరుగుతాడు. మొహం కనిపించని విలన్! గీయాల్సింది గుడ్డ మడతలే. మడతలన్నీ కేప్ పట్టుకున్న పిడికిలి నుంచి విసనకర్రలా విచ్చుకోవాలి, భుజం నుంచి వచ్చేవి మాత్రం నిలువుగా జారాలి. ఈ రెండు గుంపులూ కలిసేచోట ఒక లోతైన నీడ పెడితే మొత్తం కేప్ నిలబడుతుంది.

"ది జెయింట్ క్లా" (1957) పక్షిని గీయాలంటే మెడ దగ్గర ధైర్యం కావాలి. పొడుగు మెడ, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, నెత్తిన పిచ్చి జుట్టు. షూటింగ్‌లో నటులు ఆ తోలుబొమ్మని చూడనేలేదు, అందుకే అంత గంభీరంగా నటించగలిగారు. కాబట్టి ఆ పేజీలో పక్షి పక్కనే భయంతో బిగుసుకుపోయిన ఒక పెద్దమనిషి మొహం కూడా గీయండి, అదీ పూర్తి సీరియస్‌గా. అప్పుడే ఆ సినిమా కాగితం మీదకి వస్తుంది.

చివరగా "ది క్రీపింగ్ టెర్రర్" (1964). రాక్షసి అంటే పాత తివాచీలు కుప్పపోసి ఈడ్చినట్టు ఉంటుంది, లోపల మనుషులు నడుస్తుంటారు, కొన్ని షాట్లలో వాళ్ల కాళ్లు బయటపడతాయి. తివాచీని 2బితో తేలిగ్గా, మెత్తగా, అంచులు తెలియకుండా రుద్దండి. కింద కనిపించే బూట్లని మాత్రం 0.5 పెన్నుతో, లేసులతో సహా గట్టిగా గీయండి. పేజీ మొత్తం మీద అన్నిటికన్నా ముదురు నలుపు ఆ బూట్లదే కావాలి.